పేరు పెట్టేది నేనే

28 నవంబర్ 2025, శుక్రవారం

పాప పుట్టింది. ఉదయం పదకొండు ఇరవైకి. రెండు కిలోల తొమ్మిది వందలు. జుట్టు నల్లగా, ఒత్తుగా ఉంది. ముక్కు మాత్రం మా తమ్ముడు సుమన్‌ది, పాపం.

ఆస్పత్రి కారిడార్‌లో మా మరదలు హీరల్ వాళ్లమ్మ రంజన్‌బెన్ నా రెండు చేతులూ పట్టుకుంది. ఇక పేరు సంగతి నీదే నవతా అంది. గుజరాతీవాళ్లలో బిడ్డకు పేరు పెట్టేది మేనత్త. ఫోయి అంటారు. ఫోయి నోట్లోంచి వచ్చిందే పేరు. తల్లిదండ్రులైనా, తాతలైనా సలహా చెప్పొచ్చు, అంతే. ఇది నాకు తెలియని సంగతేం కాదు. సూరత్‌లోనే పుట్టాను, ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. కానీ తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన ఇంటి పిల్లకు ఆ పదవి వస్తుందని ఎవరనుకుంటారు? మా సుమన్ హీరల్‌ని చేసుకోబట్టి వచ్చింది.

నాకు భయమేమీ లేదు. పేర్లు పెట్టడం నా ఉద్యోగం. రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల కంపెనీ మాది. కొత్త డిజైన్ల సెట్ రాగానే ఒక కేటలాగ్ వేస్తారు, ప్రతి కేటలాగ్‌కీ ఒక ఆడపిల్ల పేరు కావాలి. ఏడాదికి నూట యాభై పెడతాను. మా సేఠ్ ఒక పేరు కావాలంటే ఆయన చాయ్ చల్లారేలోపు ఇస్తాను. ఒక్క పాపకు పెట్టలేనా?

మా బాపు షిఫ్ట్ మధ్యలో వదిలేసి సచిన్‌లోని మగ్గాల కార్ఖానా నుంచి వచ్చాడు. చొక్కా నిండా దారపు పోగులు. పాపను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. బాపు ఎప్పుడూ తక్కువే మాట్లాడతాడు.

30 నవంబర్, ఆదివారం

రాశి తేలింది. కుంభం. రంజన్‌బెన్ వాళ్ల పురోహితుడు చూసి చెప్పాడు. కుంభానికి మూడే అక్షరాలు: గ, శ, స.

'గ' అనగానే అందరూ మొహం చిట్లించారు. గంగ, గోమతి, గోదావరి, అన్నీ ముసలి పేర్లే అన్నాడు సుమన్. 'స', 'శ' అయితే కావలసినన్ని ఉన్నాయి. అక్కడితో 'గ' సంగతి ముగిసింది.

పేరు పెట్టే ముహూర్తం కూడా తేలింది. పదహారు నుంచి కమూర్తా, నెల రోజులు ఏ శుభకార్యమూ చేయరట. కాబట్టి పద్నాలుగో తారీకు, ఆదివారం. మన దిక్కు ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేస్తామని అమ్మ గొణిగింది. ఎవరూ వినలేదు.

నాకు పద్నాలుగు రోజులున్నాయి. ఎక్కువే.

1 డిసెంబర్, సోమవారం, లంచ్ టైమ్

అరవై మూడు పేర్లు రాశాను. ముప్పై ఎనిమిది కొట్టేశాను. అవన్నీ ఇప్పటికే చీరలైపోయాయి. సమైరా జార్జెట్. సానవి క్రేప్. శనాయా సాటిన్ మీద తెల్లమచ్చలు వచ్చి పన్నెండు పార్సిళ్లు వెనక్కి వచ్చాయి, ఆ పేరు ఇప్పటికీ సేఠ్ ముందు ఎత్తను.

సుమన్ వాట్సాప్‌లో పంపాడు: శ్రిషిక. అర్థమేమిటని అడిగితే యూనిక్ అన్నాడు. అర్థం అడిగితే యూనిక్ అనేవాడు రక్తపరీక్షల ల్యాబ్‌లో ఎలా పనిచేస్తున్నాడో దేవుడికే తెలియాలి.

అమ్మది ఒకటే మాట. సమ్మక్క. రెండు నెలల్లో మేడారం జాతర ఉందట, హీరల్ కడుపుతో ఉన్నప్పుడే అమ్మ ఆ తల్లికి మొక్కుకుందట. "స అక్షరమే గదా, ఇంక ఏం సూసుడు?" అంది. స్కూల్లో టీచర్లు పిలవలేరమ్మా అంటే, పిలవలేనోళ్లు టీచర్లెట్లైన్రు అంది.

బాపును కూడా అడిగాను. నాలుగైదు పేర్లు చదివి ఏది బాగుందన్నాను. "మంచిగున్నది" అన్నాడు. ఏది మంచిగుందో చెప్పలేదు.

3 డిసెంబర్, బుధవారం

ఇవాళ ఛఠ్ఠీ, అంటే ఆరో రోజు. ఆఫీసు నుంచి నేరుగా ఆల్థాన్ వెళ్లాను, సుమన్ వాళ్ల ఫ్లాట్‌కి. పాప పక్కన తెల్ల కాగితం, పెన్ను పెట్టారు. విధాత అనే దేవత వచ్చి రాత రాసి వెళ్తుందట. కాగితం నాలుగు గీతల రూలింగ్‌ది. హీరల్ నర్సరీ టీచర్, ఇంట్లో అవే ఉంటాయి.

అందరూ ప్రసాదాల గొడవలో ఉండగా హీరల్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఏదో చెప్పింది. మళ్లీ అడిగాను. హీరల్ మాట అంత మెల్లగా ఉంటుంది. క్లాసులో పిల్లలు ఆమె మాట వినడానికే చప్పుడు చేయకుండా కూర్చుంటారట. మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే.

స్తుతి అంది. ఐదో నెల నుంచి కడుపులోని పాపను ఆ పేరుతోనే పిలుస్తోందట. సుమన్‌కి కూడా చెప్పలేదు. "దీదీ, పేరు మీది. నేను అడగకూడదేమో" అంది. కళ్లు నేలమీదే ఉన్నాయి.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చిన్న పేరు. గుడిలో గంట కొట్టినట్టుంది. ఏ కేటలాగ్‌లోనూ లేదు. మాట ఇస్తున్నాను, అదే పెడతాను అన్నాను. హీరల్ నన్ను గట్టిగా పట్టుకుంది.

పని పదకొండు రోజుల ముందే అయిపోయింది. అదీ నేనంటే.

7 డిసెంబర్, ఆదివారం

బాగా జరగలేదు. మొదటి నుంచి రాస్తాను.

మధ్యాహ్నం భోజనానికి అమ్మ, బాపు, నేను ఆల్థాన్ వెళ్లాం. హీరల్ నిన్ననే సుమన్‌కి చెప్పిందట, వాడు కూడా శ్రిషికను వదిలేశాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. బాపుకు మాత్రం ముందే చెబుదాం, నువ్వే చెప్పు అని హీరల్‌ని ముందుకు తోశాడు.

హీరల్ పాపను ఎత్తుకుని బాపు కుర్చీ దగ్గరికి వచ్చింది. తల వంచి, పాప మొహంలోకే చూస్తూ, పప్పా, స్తుతి అంది.

"ఏందీ?" అన్నాడు బాపు.

మళ్లీ అంది.

"ఉత్తియా?" అన్నాడు బాపు. "ఉత్తి అని ఎవలన్న పేరు వెడ్తరా బిడ్డకు?"

అమ్మ పగలబడి నవ్వింది. అమ్మ నవ్వుతోందని బాపు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, రాయడానికి సిగ్గుగా ఉంది. మాతో హిందీలో మాట్లాడే హీరల్ ఏమీ అర్థం కాక తనూ నవ్వింది.

తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఉత్తి అంటే ఏమిటని సుమన్‌ని అడిగింది. ఆ తెలివైనవాడు చెప్పేశాడు. ఖాలీ. ఏమీ లేనిది.

ఆ తర్వాత ఆమె మాకు అన్నం వడ్డించింది, పెరుగు వడ్డించింది, పాన్ కూడా తెచ్చి ఇచ్చింది. ఒక్కసారి కూడా తలెత్తలేదు. మేము వచ్చేసేటప్పుడు ఎప్పటిలాగే బాపు కాళ్లకు దండం పెట్టి ఏదో చెప్పింది. బాపు లిఫ్ట్ వైపు చూస్తూ నడిచి వెళ్లిపోయాడు.

8 డిసెంబర్, సోమవారం

హీరల్ ఫోన్ ఎత్తడం లేదు. మూడుసార్లు చేశాను.

9 డిసెంబర్, మంగళవారం, మధ్యాహ్నం

సుమన్ మార్కెట్‌కే వచ్చాడు. చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. వాడు గ్లాసు ముట్టుకోలేదు.

"అక్కా, రెండేండ్ల సంది జూస్తున్న" అన్నాడు. "ఆమె చాయ్ తాగుతరా అంటే బాపు టీవీ దిక్కు జూస్తడు. తబియత్ ఎట్లున్నది అంటే లేచి బయటికి పోతడు. దీపావళికి చొక్క తెచ్చి, సైజు సరిపోయిందా అని రెండుసార్లు అడిగింది. ఒక్క మాట లేదు. గుజరాతీ పిల్లను జేస్కున్ననని ఇంకా మన్సుల వెట్టుకున్నడు. ఇప్పుడు బిడ్డ పేరును గూడ ఖాలీ అన్నడు."

బాపు అలాంటి మనిషి కాదన్నాను. పెళ్లికి అమ్మ ఆర్నెల్లు అలిగింది కానీ బాపు మొదటి రోజే సరే అన్నాడు, అది నీకూ తెలుసు కదా అన్నాను.

"మరి ఎందుకు మాట్లాడడు? నువ్వే చెప్పు."

వాడు చెప్పిన వాటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. చొక్కా రోజు నేనూ అక్కడే ఉన్నాను. బాపు సంగతి తెలుసుగా అనుకుని వదిలేశాను.

ఆదివారం బాపును తీసుకురావద్దు అన్నాడు సుమన్ వెళ్తూ వెళ్తూ. హీరల్ అనలేదట, వాడే అంటున్నాడు. ఆమె ఆ పేరు వినగానే ఏడుస్తోందట, నలుగురిలో మళ్లీ అలా జరిగితే తట్టుకోలేదట.

మేము ముప్పై ఏళ్లు ఒక గదిలో పెరిగిన కుటుంబం. బాపు లేకుండా పాపకు పేరు పెట్టడమేమిటి? రేపు పొద్దున్నే నిలదీసి అడుగుతాను. నాకు జవాబు లేని ప్రశ్నలు పడవు.

10 డిసెంబర్, బుధవారం, ఉదయం 7:10

బాపు ఇప్పుడే వెళ్లిపోయాడు. ఆఫీసుకు ఆలస్యమవుతుంది. అయినా రాస్తాను.

ఆరింటికి లేచాను. బాపు పొయ్యి పక్కన స్టూల్ మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు, వీపు నా వైపు ఉంది. కుక్కర్ కూత వేసింది. మళ్లీ వేసింది. అమ్మ బాత్రూమ్‌లోంచి గ్యాస్ బంద్ చెయ్ అని అరుస్తోంది. మూడో కూత. బాపు దానికి మూరెడు దూరంలో ఉన్నాడు. తల కూడా తిప్పలేదు. నింపాదిగా చాయ్ ఊదుకుంటున్నాడు.

నేను గడప దగ్గరే ఆగిపోయాను.

తర్వాత నేను చేసింది మంచి పని కాదు. ఫోన్‌లో నా పేర్ల లిస్టు తీశాను. బాపు వెనకే నిలబడి, హీరల్ మాట్లాడేంత మెల్లగా చదివాను. స్తుతి. శ్రిషిక. సంస్కృతి. సాక్షి. ఏమీ లేదు. గంగ అన్నాను.

"ఆఁ?" అని వెనక్కి తిరిగాడు.

నా చేతిలో ఫోన్ చూశాడు. నా మొహం చూశాడు. బాపు చదువుకోలేదు కానీ మొహాలు చదవగలడు.

"బాపూ, నీకు ఇనవడ్తలేదా?" అని అడిగాను.

"ఇనవడ్తది."

"ఇప్పుడు నేను ఐదు పేర్లు సదివిన."

గ్లాసు కింద పెట్టాడు. "నన్ను పరీక్ష జేస్తున్నవా బిడ్డా?" అన్నాడు. "ఎనక నిలవడి?"

టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. రోజూ రెండో గ్లాసు చాయ్ తాగుతాడు. తాగలేదు.

11 డిసెంబర్, గురువారం, మధ్యాహ్నం 3

పొద్దున లేచేసరికి బాపు స్నానం చేసి, హీరల్ దీపావళికి తెచ్చిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. షిఫ్ట్‌కి పోలేదు. "ఏ డాక్టర్ తాన్కి పోవాల్నో పోదాం పా" అన్నాడు. "లొల్లి జెయ్యకు." నాకు కడుపునొప్పి అని సేఠ్‌కి మెసేజ్ పెట్టాను.

చెవి డాక్టర్ క్లినిక్‌లో వెంకటయ్య, వెంకటయ్య అని రెండుసార్లు పిలిచారు. బాపు గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. నేను లేచి చేయి పట్టుకున్నాను.

అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టారు. శబ్దం వినిపిస్తే బటన్ నొక్కాలి. బాపు కళ్లు మూసుకుని, గొప్ప పరీక్ష రాస్తున్నట్టు కూర్చున్నాడు. మొదట్లో టకటకా నొక్కాడు. తర్వాత బటన్ మీద బొటనవేలు అలాగే ఆగిపోయింది. బయట మాకు మీటర్ మీద శబ్దాలు వెళ్తున్నట్టు కనిపిస్తూనే ఉంది. బొటనవేలు కదల్లేదు. నాకు ఆ బటన్ నేనే నొక్కాలనిపించింది.

పరీక్ష చేసినమ్మాయి గ్రాఫ్ చూపించింది. ఎడమవైపు పరవాలేదు, కుడివైపుకు మెట్లు దిగినట్టు దిగిపోయింది. మగ్గాల మీద పనిచేసేవాళ్లలో ఇది చాలామందికి ఉంటుందట. లావు శబ్దాలు వినిపిస్తాయి, సన్నవి పోతాయి. పిల్లల మాటలు, ఆడవాళ్ల మెత్తని గొంతులు. అక్షరాల్లో అయితే గాలితో పలికేవి: స, శ, త, క. గ, మ, ల, ర లాంటివి కొంత నయం.

స, శ. మేము అరవై మూడు పేర్లు అక్కడే వెతికాం.

చెవి మిషన్ ఒకటి పెట్టి చూశారు. పక్క టేబుల్ మీద ఎవరో స్టీలు ట్రే పెట్టారు. బాపు ఉలిక్కిపడి తీసేశాడు. తర్వాత చూద్దాం అన్నాడు.

బస్టాప్ బెంచీ మీద కూర్చున్నాం. ఎప్పటి నుంచి అని అడిగాను, ఎదురుగా తిరిగి, పెదవులు కనిపించేలా.

"పదేండ్లు గావచ్చు. ముందుగాల పిట్టలు బందైనయ్. గటెన్క ఫోన్ మోగుడు." కొంచెం ఆగాడు. "కార్ఖానల ఏం ఫరక్ పడది. ఆడ ఎవ్వలకు ఇనవడది. చేతులతోని మాట్లాడుకుంటం, మూతి జూసి అర్థం జేస్కుంటం."

"హీరల్ మాట్లాడితే?"

"ఆ పిల్ల మూతి కనవడనియ్యది. తల కిందికేస్కొని మాట్లాడ్తది. చదువుకున్న పిల్ల, మగ్గం నడిపెటోనితోని ఏం మాట్లాడ్తది తీ, అనుకున్న."

రెండేళ్లు. ఆమె అడుగుతూనే ఉంది, ఈయన ఆమెకు తనంటే చిన్నచూపు అనుకుంటూనే ఉన్నాడు. మధ్యలో నేను, అన్నీ తెలిసినదాన్ని.

అప్పుడు చెప్పాను. చాయ్ సంగతి, చొక్కా సంగతి, ఆదివారం ఉత్తి అన్న సంగతి, ఆమె ఏడుస్తున్న సంగతి. ఇంతకు ముందు ఎప్పుడూ బాపు మొహం అలా అవడం చూడలేదు.

"నేనా?" అన్నాడు. "ఆ పిల్లనా?"

ఒక బస్సు వచ్చి వెళ్లిపోయింది. మాదే. ఎక్కలేదు. ఆమెకు చెప్పకు, చెవిటి మామ అనుకుంటది అన్నాడు. ఇంకో బస్సు వచ్చింది.

"చెప్పు తీ," అన్నాడు. "ఉత్తి అని నేను అనలే అని చెప్పు."

"అన్నవు బాపూ."

"అన్న. కని నాకు గట్లనే ఇనవడ్డది."

12 డిసెంబర్, శుక్రవారం

ఆఫీసు అయ్యాక ఆల్థాన్ వెళ్లాను. గ్రాఫ్ టేబుల్ మీద పరిచి ఇద్దరికీ చెప్పాను. సుమన్ ల్యాబ్ మనిషి, రిపోర్టులు వాడికి అలవాటే. దీన్ని మాత్రం తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

హీరల్ కాగితం చూడలేదు. నన్నే చూసింది. చొక్కా కూడానా అని అడిగింది. చొక్కా కూడా అన్నాను, నిన్న అదే వేసుకున్నాడు, సరిగ్గా సరిపోయింది అన్నాను. అప్పుడు ఏడ్చింది. మామూలుగా ఏడ్చినట్టు లేదు, చాలా దూరం మోసుకొచ్చిన సామాను దింపినప్పుడు మనిషి కూలబడినట్టు ఉంది.

పేరు గురించి నేను నోరు తెరవకముందే సుమన్ తెరిచాడు. "అక్కా, నువ్వేం సోచాయిస్తున్నవో నాకు తెలుసు. బాపుకు మిషన్ వెట్టిద్దాం. పేరెందుకు మార్చుడు? పాప ఎనభై ఏండ్లు ఆ పేరుతోని బతుకుతది. బాపు..." అక్కడ ఆగిపోయాడు.

వాడు చెప్పింది నిజమే. అందుకే నాకు కోపం వచ్చింది.

హీరల్‌తో ఒకటే చెప్పాను. నేను నీకు మాట ఇచ్చాను. నువ్వు స్తుతి అంటే స్తుతే. బాపు ఆ పేరు పలకలేకపోయినా నేను వెనక్కి పోను.

పాప లేచి ఏడ్చింది. హీరల్ ఎత్తుకుని, భుజం మీద వేసుకుని, నా వైపు రాకుండా కిటికీ దగ్గర నిలబడింది. నేను అడిగినప్పుడు పప్పా సంగతి మీకు తెలియదు, నాకూ తెలియదు అంది. మీ మాట మీకు తిరిగి ఇచ్చేశాను దీదీ, ఫోయి మీరు.

మాట ఇచ్చేటప్పుడు ఎంత తేలిగ్గా ఇచ్చాను. వెనక్కి వచ్చినప్పుడు బరువుగా ఉంది.

13 డిసెంబర్, శనివారం, సాయంత్రం 7:45

'గ' అక్షరంతో పదకొండు పేర్లు రాసుకుని ఇంటికి వచ్చాను. బాపుతో ఏం చెప్పాలో తెలియలేదు. మళ్లీ వెనక నిలబడే ధైర్యం నాకు లేదు.

బాపు షిఫ్ట్ నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. నా చేతిలో కాగితం చూశాడు. స్టూల్ లాక్కుని, గోడ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇప్పుడు సదువు" అన్నాడు. "గట్టిగ సదవకు. ఆ పిల్ల ఎట్ల మాట్లాడ్తదో గట్ల సదువు."

చదివాను. గరిమ. గరిమ అన్నాడు. గీతిక. గీ... ఇంకోసారి అన్నాడు. గాయత్రి. గాయి అన్నాడు. తప్పు చెప్పినప్పుడల్లా వీపు కొంచెం వంగేది. అమ్మ బియ్యం ఏరడం మానేసి చూస్తోంది.

ఒక్క పేరు మాత్రం రెండుసార్లు అన్నాడు. నేను ఒక్కసారే చదివాను.

ఏది పెడ్తవ్ అని అడిగాడు. రేపు వచ్చి విను అన్నాను. అది ఏదో ఇక్కడ కూడా రాయను.

14 డిసెంబర్, ఆదివారం

నాలుగింటికి ఆల్థాన్ ఫ్లాట్ నిండిపోయింది. హీరల్ వైపు ఇరవై మంది, మా వైపు ఎనిమిది మంది. నలుగురు పిల్లలు ఎర్రచీర నాలుగు మూలలు పట్టుకున్నారు. మధ్యలో పాప. రావి ఆకు, వెండి బిళ్ల, తమలపాకు. పిల్లలు ఊపుతూ పాడుతున్నారు, పెద్దవాళ్లు చప్పట్లు. బాపు తలుపు దగ్గరే నిలబడ్డాడు, చెప్పుల పక్కన. సుమన్ వెళ్లి చేయి పట్టుకుని లోపలికి తెచ్చాడు. ఆ తర్వాత కూడా చేయి వదల్లేదు.

ఫోయి, ఫోయి అని అందరూ అరిచారు. నేను ముందుకు వంగాను. హీరల్ నన్ను చూడటం లేదు, పాపనే చూస్తోంది.

గౌరి అన్నాను.

"గౌరమ్మ!" అని అమ్మ అరిచింది. "మా బతుకమ్మల గౌరమ్మ!" అదే క్షణంలో రంజన్‌బెన్ గోర్‌మా, గోర్‌మా అంటోంది. వాళ్ల ఆడపిల్లలు ఆషాఢంలో నోము పట్టేది ఆ తల్లికేనట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సమ్మక్క తల్లికి పాప ఎత్తు బెల్లం ఇచ్చి తప్పు ఒప్పుకుంటానని అమ్మ అక్కడికక్కడే ప్రకటించింది. రంజన్‌బెన్‌కి ఏం అర్థమైందో కానీ తలూపింది.

గదంతా గోల. పిల్లలు డబ్బాలు కొడుతున్నారు. బాపు మొహం చూశాను. వినలేదు. అంత చప్పుడులో ఎవరి పెదవులు చూడాలో తెలియక అందరి మొహాలూ వెతుకుతున్నాడు.

నేను కదిలేలోపే హీరల్ కదిలింది. చీరలోంచి పాపను తీసుకుంది. జనం మధ్య నుంచి నేరుగా వెళ్లి బాపు ఎదురుగా నిలబడింది. తలెత్తింది. తల మీది కొంగు వెనక్కి తోసింది. రెండేళ్లలో ఆమె గొంతు అంత ఎత్తున ఎవరూ వినలేదు. డబ్బాలు కొట్టే పిల్లలు కూడా ఆగిపోయారు.

"పప్పా! గౌరి!"

బాపు ఆమె పెదవులు చూశాడు. పాపను చూశాడు.

"గౌరి" అన్నాడు.

రెండు చేతులూ చాచాడు. హీరల్ పాపను ఇచ్చింది. ఇచ్చాక కూడా అక్కడి నుంచి కదల్లేదు. బాపు ఆమె తల మీద చేయి పెట్టి, ఆ రోజు తను సరిగ్గా వినలేదని తెలుగులో ఏదో చెప్పాడు. హీరల్‌కి తెలుగు రాదు. అయినా తలూపింది.

సుమన్ నా పక్కన నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. నచ్చిందా అన్నాను. "ముసలి పేరే" అన్నాడు. "కని మంచిగున్నది."

20 డిసెంబర్, శనివారం

పాపను చూడటానికి వెళ్లాను. గది తలుపు ఓరగా ఉంది. హీరల్ పాలిస్తూ, పాప చెవి దగ్గర మెల్లగా స్తుతి అంటోంది.

చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లి, గిన్నెలు కొంచెం గట్టిగా కడిగాను. ఆ పేరు ఆమెది. నేను దాన్ని ఎవరికీ చెప్పను.

22 డిసెంబర్, సోమవారం

జనన రిజిస్ట్రేషన్. ఇంగ్లీషులో ఏ స్పెల్లింగ్ అని అడిగారు. సుమన్ ఏదో న్యూమరాలజీ మొదలుపెట్టాడు. ఫారం నేనే లాక్కుని నింపాను.

బాపు చివరికి చెవి మిషన్ తీసుకున్నాడు, రోజుకు గంటసేపు పెట్టుకుంటున్నాడు. చెప్పుల చప్పుడు బాగా ఎక్కువైందట లోకంలో.

8 ఫిబ్రవరి 2026, ఆదివారం

సుమన్‌కి డ్యూటీ. హీరల్ ఒక్కతే ఆటోలో పాపను తీసుకుని ఉన్‌లోని మా ఇంటికి వచ్చింది.

మధ్యాహ్నం పక్కింటి సంతోషి పరుగెత్తుకొచ్చింది. మీ కోడలు మామ మీద అట్ల ఒర్లుతున్నదేంది అని.

పాపకు జలుబు తగ్గిందా అని ఆయన అడుగుతున్నాడు, తగ్గిందని ఆమె చెబుతోంది అన్నాను.

తలుపు దగ్గరికి వేయనా, గల్లీ అంతా వినిపిస్తోంది అంది.

వద్దన్నాను.